గడప దగ్గర ఆగే పని

చేయవలసిన పనిని తెలిసీ తెలిసీ వెనక్కి నెట్టే అలవాటుకు సంస్కృతం పెట్టిన పేరు దీర్ఘసూత్రత. దీర్ఘసూత్రం అంటే పొడుగాటి దారం. బెత్తెడు కుట్టుకు మూరల కొద్దీ దారం లాగుతూ కూర్చునేవాడిలా, గడియలో అయ్యే పనిని నెల దాకా సాగదీసేవాడు దీర్ఘసూత్రి. భగవద్గీత 18వ అధ్యాయం 28వ శ్లోకంలో తామస కర్త లక్షణాల వరుస ఈ మాటతోనే ముగుస్తుంది. ఇవాళో రేపో చేయవలసినదాన్ని నెలకైనా చేయనివాడు అని శంకరాచార్యుల భాష్యం దానికి అర్థం చెప్పింది.

ఆ వరుసలో దీర్ఘసూత్రికి ముందే అలసుడు, విషాది అని ఇద్దరున్నారు. ముగ్గురూ ఒకటే అయితే గీత మూడు మాటలు వాడేది కాదు. అలసుడికి పని అక్కర్లేదు. చేసినా మంచి జరగదని విషాది దిగులు. దీర్ఘసూత్రి మాత్రం చేస్తాననే అంటాడు, మనస్ఫూర్తిగానే అంటాడు. సోమరికి లేని బాధ ఇతనికి ఉంది. పని చేయలేదన్న ఎరుక పగలంతా పక్కనే ఉంటుంది, రాత్రి నిద్రలోకీ వస్తుంది. పని చేసిన అలసట ఉండదు, చేయని విశ్రాంతీ ఉండదు. అందుకే ఇతన్ని సోమరి అని తిట్టి దులిపేసుకోవడం తప్పు రోగానికి మందు వేయడమే.

మహాభారతం శాంతిపర్వంలో దీర్ఘసూత్రుడనే పేరుతో ఒక చేప ఉంది. ఒక మడుగులో మూడు చేపలు స్నేహంగా ఉండగా జాలర్లు నీళ్లు బయటికి తోడడం మొదలుపెడతారు. ముందుచూపున్న చేప అప్పుడే వేరే నీటిలోకి వెళ్లిపోతుంది. సమయానికి బుద్ధి తోచే రెండోది, పట్టిన చేపల్ని గుచ్చిన తాడును తానూ నోట కరుచుకుని, జాలర్లు కడగడానికి లోతు నీళ్లలో ముంచగానే తాడు వదిలి తప్పించుకుంటుంది. దీర్ఘసూత్రుడు చస్తాడు. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఆ చేప తెలియక చావలేదు. స్నేహితుడు ముందే చెప్పాడు, నీళ్లు తగ్గడం కళ్లముందే ఉంది. తొందరేముంది అన్న ఒక్క మాట దాన్ని అక్కడే కట్టేసింది.

అయితే ఆలస్యమంతా దోషమేనా? తెలుగు సామెతలు రెండువైపులా సాక్ష్యం చెబుతాయి. ఆలస్యం అమృతం విషం అన్న నోటితోనే నిదానమే ప్రధానం అంటాం. ఆ శాంతిపర్వంలోనే చిరకారి కథ కూడా ఉంది. గౌతముడి కొడుకైన చిరకారి ఏ పనైనా చాలాసేపు ఆలోచించి గాని చేయడు. భార్య మీద ఆగ్రహించిన తండ్రి, ఆమెను చంపమని కొడుక్కి చెప్పి అడవికి పోతాడు. తండ్రి మాటా దాటరానిదే, తల్లి ప్రాణమూ తీయరానిదే. కత్తి పట్టుకుని చిరకారి ఆలోచిస్తూనే ఉంటాడు. ఈలోగా తండ్రికి కోపం దిగి, తొందరపడ్డానని ఏడుస్తూ పరుగున వస్తాడు. భార్య బతికే ఉండడం చూసి, కొడుకు ఆలస్యాన్నే దీవిస్తాడు.

ఒకే గ్రంథం ఒక ఆలస్యానికి చావు, ఒక ఆలస్యానికి దీవెన ఇచ్చింది. తేడా గడిచిన సమయంలో లేదు. చిరకారి ఆగినంతసేపూ అతని బుద్ధి పనిచేస్తూనే ఉంది. తేలని ధర్మసందేహం అది, చేస్తే వెనక్కి తీసుకోలేని పని. దీర్ఘసూత్రుడికి ఏ సందేహమూ లేదు. ఇంకొంత ఆగితే కొత్తగా తెలిసేదీ లేదు. ఆగడం వల్ల తెలివి పెరుగుతుంటే అది నిదానం. తేల్చుకున్నాక కూడా ఆగుతుంటే అది దీర్ఘసూత్రత. ఈ గీత గీసుకోకుండా ఆలస్యాన్ని జయించాలని బయల్దేరితే చిరకారి లాంటివాళ్ల చేత కత్తి దూయిస్తాం.

ఇంకో ప్రశ్న కూడా ముందే అడగాలి. ఆ పని ఎవరిది? బ్రిటిష్ పాలనలో నర్సీపట్నం అవతల గూడెం, చింతపల్లి కొండల్లోకి రోడ్లు వేసేటప్పుడు, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం ప్రజల చేత న్యాయమైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు నడిపిన దాడుల వెనక ఉన్న కారణాల్లో ఆ కడుపుమంట ఒకటి. అలాంటి పనిలో చెయ్యి నెమ్మదిస్తే దానికి తమోగుణం అని పేరు పెట్టడం అన్యాయం. దీర్ఘసూత్రత అనే మాట, మనిషి తనదని ఒప్పుకున్న పని దగ్గరే చెల్లుతుంది.

తనదని ఒప్పుకున్న పనికే మనసు ఎందుకు అడ్డం తిరుగుతుంది? గీత 18వ అధ్యాయమే, 36 నుంచి 39 దాకా ఉన్న శ్లోకాల్లో, సుఖాన్ని మూడు రకాలుగా విడదీసి దీనికి జవాబు చెబుతుంది. సాత్త్విక సుఖం మొదట విషంలా ఉండి చివరకు అమృతమవుతుంది. రాజస సుఖం తిరగబడి ఉంటుంది, ముందు అమృతం, తరువాత విషం. నిద్ర, ఆలస్యం, ఏమరుపాటుల నుంచి వచ్చే తామస సుఖం మొదటా చివరా కూడా కళ్లు కప్పుతుంది. విసుగు పుట్టించే పనిలో విషమంతా మొదట్లోనే ఉంటుంది. దాన్ని తప్పించుకోవడానికి మనసు పక్కదారి పడుతుంది.

చింతపల్లి వైపు నుంచి వచ్చి నర్సీపట్నంలో గది తీసుకుని చదివే ఒక విద్యార్థిని ఊహించుకుంటే ఇది కళ్లకు కడుతుంది. రేపు రికార్డు చూపించాలి. పుస్తకం తెరిచాడు, మార్జిన్ గీశాడు. పెన్సిల్ మొన బాగాలేదని చెక్కాడు. చెక్కాక చేతులు కడుక్కోవాలనిపించింది. వచ్చి కూర్చుని, బొమ్మ సరిగా కనబడుతుందో లేదో చూద్దామని ఫోను తీశాడు. గంట తరువాత ఫోను పక్కన పెట్టేసరికి రికార్డులో మార్జిన్ ఒక్కటే ఉంది. ఈ గంటలో అతనికి సుఖమేమీ దొరకలేదు. బొమ్మ గీయడం మొదలెట్టగానే గుండెలో కలిగే ఆ చిన్న చేదు మాత్రం తప్పింది. కెనడాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్తలు ఫ్యూషియా సిరువా, టిమొతీ పిచిల్ 2013లో రాసిన పరిశోధనా వ్యాసం ఈ సంగతినే చెబుతుంది. వాయిదా వేయడం గడియారానికి సంబంధించిన లోపం కంటే, అప్పటికప్పుడు మనసును కుదుటపరుచుకునే ప్రయత్నం అనడం సరైనది. ఆ కుదుటపాటుకు అయ్యే ఖర్చును రేపటి మనిషి భరిస్తాడు.

పతంజలి యోగసూత్రాలు ఇంకా సన్నగా చూస్తాయి. మొదటి పాదం 30వ సూత్రం చిత్తాన్ని చెదరగొట్టే తొమ్మిది అడ్డంకులను చెబుతుంది. అందులో స్త్యానం, ప్రమాదం, ఆలస్యం వేరువేరుగా ఉన్నాయి. మనసు పనికి లేవకపోవడం స్త్యానం. చేయవలసిన సాధన సంగతే పట్టించుకోకపోవడం ప్రమాదం. ఒళ్లూ మనసూ బరువెక్కి కదలకపోవడం ఆలస్యం. వరుసలో అన్నిటికన్నా ముందున్నది వ్యాధి. ఈ క్రమానికి విలువ ఇవ్వాలి. నెలల తరబడి ఏ పనీ మొదలుపెట్టలేకపోతున్నవాడికి దిగులు జబ్బో, ఏకాగ్రత కుదరని ఇబ్బందో ఉండవచ్చు. అక్కడ ముందు కావలసింది వైద్యుడు. నీతిబోధ అతని బరువును పెంచుతుంది. తరువాతి సూత్రంలో ఈ అడ్డంకులకు తోడుగా వచ్చేవి ఉన్నాయి: దుఃఖం, మనసు చెడడం, అవయవాలు నిలకడగా లేకపోవడం, ఊపిరి లయ తప్పడం. రికార్డు ముందు కూర్చున్న కుర్రాడి ఊగే కాలు ఆ సూత్రంలో ఉంది.

బౌద్ధం ఈ విషయాన్ని సాకుల వైపు నుంచి పట్టుకుంది. నర్సీపట్నం ఉన్న అనకాపల్లి జిల్లాలోనే, శంకరం ఊరి దగ్గర బొజ్జన్నకొండ, లింగాలకొండల మీద రాతిలో తొలిచిన గుహలు, స్తూపాలు ఉన్నాయి. శంకరం అన్న పేరు సంఘారామం నుంచి వచ్చిందంటారు. అక్కడ శతాబ్దాల పాటు భిక్షువులు ఉన్నారు. భిక్షువు రోజు బయటివాళ్లకు ఎంత ప్రశాంతంగా కనబడినా, లోపల అదే పాఠం, అదే ఊడ్పు, అదే కూర్చోవడం. విసుగును కాచుకోవడం అక్కడ జీవన్మరణ సమస్య. అంగుత్తర నికాయం అష్టక నిపాతంలో బద్ధకానికి ఎనిమిది సందర్భాలు చెప్పారు. పని చేయాల్సి ఉంది, అలసిపోతాను కాబట్టి ముందే పడుకుంటాను. పని చేసి వచ్చాను, అలసిపోయాను కాబట్టి పడుకుంటాను. ప్రయాణం ఉంది, ప్రయాణం చేసి వచ్చాను. భిక్ష సరిపడా దొరకలేదు, నీరసం. భిక్ష నిండుగా దొరికింది, ఒళ్లు బరువు. కొంచెం నలతగా ఉంది. నలత ఇప్పుడే తగ్గింది.

ఇంతవరకే అయితే అది చక్కటి పరిశీలన మాత్రమే. దాని వెంటనే వచ్చే భాగంలో అవే ఎనిమిది సందర్భాలు ఉత్సాహానికి కారణాలుగా మళ్లీ వస్తాయి. రేపు ప్రయాణం ఉంది, దారిలో సాధన కుదరదు కాబట్టి ఇప్పుడే కూర్చుంటాను. భిక్ష తక్కువైంది, ఒళ్లు తేలిగ్గా ఉంది కాబట్టి కూర్చుంటాను. పరిస్థితి ఒక్కటే, దాని పక్కన చేరే “కాబట్టి” మారింది. అనుకూలమైన రోజు కోసం ఎదురుచూసేవాడికి ఇంతకంటే సూటి జవాబు ఏ మతమూ ఇచ్చినట్టు లేదు.

అసలు కొన్ని పనులు వాయిదాకు ఎందుకు చిక్కవో కూడా చూడాలి. అనకాపల్లి బెల్లం మార్కెట్టుకు సరుకు పంపే ఈ జిల్లా పల్లెల్లో గానుగ తిరిగే రోజుల్ని చూస్తే అది తెలుస్తుంది. చెరకు గడ నరికితే ఆగకూడదు, నిలవ ఉన్నకొద్దీ తీపి విరుగుతుంది. రసం తీశాక అసలే ఆగకూడదు, గంటల్లో పులుపెక్కుతుంది. అందుకని రసం పెనంలో పడ్డాక పొయ్యిలోకి పిప్పి తోస్తూ, మడ్డి తీస్తూ, పాకం ముదిరేదాకా కలుపుతూ మనిషి అక్కడే ఉంటాడు. ఇంత విసుగు పనిలో అతనికి వాయిదా ఆలోచనే రాదు. ఆలస్యం అమృతం విషం అన్న సామెత అక్కడ కళ్లముందే జరుగుతుంది. ఆ మనిషే ఇంటికి వచ్చి, పంట అప్పు కాగితాలు ఒక వరసలో పెట్టే పనిని మూడు నెలలు తాకడు. అతనిలో బద్ధకం ఉంటే రెండు చోట్లా ఉండాలి. రసం తనంతట తాను పిలుస్తుంది, కాగితం పిలవదు. జీవితంలో ముఖ్యమైన విసుగు పనులు చాలావరకు కాగితం లాంటివే. చదువు, ఆరోగ్యం, అప్పు, సాధన, పెద్దవాళ్లను ఒకసారి పలకరించి రావడం, వీటిలో ఏదీ ఇవాళ చేయకపోతే ఇవాళే పులిసిపోదు. పులిసిందని తెలిసేసరికి ఏళ్లు గడుస్తాయి.

పిలవని పనికి పిలుపు ఎక్కడి నుంచి తేవాలి? దీనికి సంప్రదాయం ఇచ్చిన జవాబు తత్త్వగ్రంథాల్లో కంటే కర్మకాండలో బాగా కనిపిస్తుంది. నర్సీపట్నం పక్కన బలిఘట్టంలో వరాహ నది ఉత్తరంగా తిరిగి ప్రవహిస్తుంది. ఒడ్డున బ్రహ్మలింగేశ్వరస్వామి గుడి. శివరాత్రికి అక్కడికి జనం పోటెత్తుతారు. పూజకు కూర్చున్నవాడు నేరుగా దేవుడి మీద పువ్వు వేయడు. ముందు మూడుసార్లు అరచేతిలో నీళ్లు తీసుకుని ఆచమనం. ముక్కు పట్టుకుని ప్రాణాయామం. తరువాత సంకల్పం. జంబూద్వీపం, భరతవర్షం, భరతఖండం నుంచి మొదలై, శ్రీశైలానికి ఈశాన్యం అంటూ, గంగా గోదావరుల నడుమ అంటూ, కూర్చున్న చోటుకు దిగుతుంది. కాలమూ అంతే. కల్పం, మన్వంతరం, యుగం దాటి సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం దాకా. ఆపైన గోత్రం, పేరు, చేయబోయే పని. నీళ్లు వదలడంతో అది కట్టుబాటు అవుతుంది.

దీన్ని వట్టి తంతుగా చూసేవారు ఎక్కువ, వేగంగా గొణిగేసి ముగించే పురోహితుల వల్ల ఆ అభిప్రాయం బలపడింది కూడా. కానీ నిర్మాణం చూస్తే ఇది మనసును ఒక పని నుంచి ఇంకో పనిలోకి దింపే మెట్ల వరస. చేయాలి అన్న ఊహ ఎక్కడా ఎప్పుడూ కాని చోట వేలాడుతుంటుంది. సంకల్పం దాన్ని ఇక్కడ, ఇప్పుడు, ఫలానావాడు, ఫలానా పని అని నేల మీదకు దించుతుంది. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో ప్రచురించిన వ్యాసం కూడా, చేయాలి అనుకోవడం కంటే ఎప్పుడు, ఎక్కడ, ఎలా అని ముందే ముడిపెట్టుకోవడం పనిని చాలా ఎక్కువగా ముందుకు నడుపుతుందని తేల్చింది. ఆచమనానికీ అర్థం ఉంది. ఒక పని మధ్యలో వదిలి రెండోదానికి మారినప్పుడు మొదటి పని ఆలోచన కొంత మనసుకు అంటుకునే ఉంటుందని సోఫీ లెరాయ్ 2009లో చూపించారు. ఎంగిలి కడుక్కున్నట్టే ఆ అంటుకున్నదాన్ని కడుక్కునే వ్యవధి ఆచమనం. విసుగు పనికి నేరుగా దూకమని మనసును కొట్టడం కంటే, రెండు పనుల నడుమ ఇలా నీళ్లు, ఊపిరి, మాట పెట్టడం మానవ స్వభావాన్ని బాగా ఎరిగినవారి పద్ధతి. మన్యం ఊరి నుంచి వచ్చినవాడికీ, గుడికి వెళ్లనివాడికీ కూడా ఇది పనికొస్తుంది. మంత్రం లేకపోయినా మెట్లు ఉంటాయి.

బలిఘట్టం పేరులోనే ఒక కథ ఉంది. బలి చక్రవర్తి వామనుడికి మూడడుగులు ఇస్తానని మాట ఇచ్చాడు. ఇవ్వడం పూర్తయ్యేది నీళ్ల ధార పోస్తేనే. మాటకూ ధారకూ నడుమ శుక్రాచార్యుడు నిలబడ్డాడు. ఆగు, ఆలోచించు, వచ్చినవాడు మామూలువాడు కాడు అన్నాడు. వినకపోతే సూక్ష్మరూపంలో కమండలం కొమ్ముకు అడ్డంపడ్డాడు. వామనుడు దర్భతో పొడిచి దారి చేశాడు. గురువు చెప్పిన ప్రతి మాటా నిజమే, నష్టం తప్పదు. వాయిదా వేయించే గొంతు కూడా ఎప్పుడూ అబద్ధం చెప్పదు. అలసట నిజమే, రేపు తీరిక ఉంటుందనేదీ నిజమే కావచ్చు. బలి ఆ వాదానికి వాదంతో జవాబు చెప్పుకుంటూ కూర్చోలేదు, తాను ధర్మం తేల్చుకున్నాడు కాబట్టి చెయ్యి వంచాడు. కొమ్ములో అడ్డం తీయడానికి దర్భపోచ సరిపోయింది. మొదలుపెట్టడానికి అడ్డుపడేది చాలాసార్లు అంత చిన్నదే.

సంకల్పం ఒక్కడిది. పల్లెలు దాన్ని ఊరంతటికీ పంచాయి. జ్యేష్ఠ పౌర్ణమి ఏరువాక నాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, నాగలి కట్టి మొదటి చాలు దున్నుతారు. విశాఖ మన్యంలో చైత్రమాసపు ఇటుకల పండగ కొత్త సేద్యపు ఏడాదికి ముందు విత్తనానికీ వేటకూ ముడిపడి ఉంటుంది. రెండు చోట్లా ముందు నెలల తరబడి ఒళ్లు విరిచే చాకిరీ ఉంది, దాని గుమ్మం మాత్రం పండగ. ఎవరికి వారు ఎప్పుడు మొదలుపెట్టాలా అని మథనపడే అవసరం అక్కడ తీరిపోతుంది. నాట్లలో కూడా అంతే. వరసలో వంగిన ఆడవాళ్లు పాట అందుకుంటే, ఒక్కతే అయితే పదిసార్లు నడుం ఎత్తే మనిషి ఆ వరస వెంట గట్టు దాకా వెళ్లిపోతుంది. పట్నపు గదుల్లో ఒంటరిగా కంప్యూటర్ ముందు కూర్చునేవారికి ఈ వరస పోయింది. వాయిదా ఇవాళ ఇంత పెద్ద బాధగా కనిపించడానికి అదొక కారణమని అనుకోవచ్చు.

మొదలు సంగతి ఇది. విసుగు సంగతి మిగిలింది. రికార్డు బొమ్మ గీయలేని ఆ కుర్రాడి ఇంట్లోనే, నాయనమ్మ రోజూ రామకోటి రాస్తుంటుంది. ఒకే పేరు, గళ్ల పుస్తకంలో, గడికి ఒకటి. రోజుకు వెయ్యి రాస్తే కోటికి పదివేల రోజులు, అంటే 27 ఏళ్లు దాటుతుంది. రాయడంలో ఇంతకు మించిన విసుగు పని ఉండదు. అయినా ఆమె దాన్ని రేపటికి నెట్టదు. కోటి వైపు చూడదు, ఎదురుగా ఉన్న గడి వైపు చూస్తుంది. రాసిన గడి వృథా కాదన్న నమ్మకం ఉంది. అది తనకోసం కాకుండా సమర్పణగా వెళుతుంది కాబట్టి బాగా రాశానా లేదా అన్న భయమూ లేదు. గీత చెప్పే ఫలాపేక్ష లేని కర్మను పండితులు ఎంత లోతుగా వ్యాఖ్యానించినా, దాని చేతిరాత ఈ గళ్లలో ఉంది. ఈజిప్టు ఎడారిలో క్రైస్తవ సన్యాసి ఆంథొనీ గురించి చెప్పే కథ కూడా దీనికి దగ్గరిదే. విసుగుతో మనసు కుంగి ప్రార్థించగా, తనలాంటి ఒకరు తాడు పేనుతూ, లేచి ప్రార్థిస్తూ, మళ్లీ కూర్చుని పేనుతూ కనబడ్డారు. పని, ప్రార్థన, పని. అతనికి దొరికిన జవాబు అంతే.

పతంజలి తొమ్మిది అడ్డంకుల్లో చివరిది అనవస్థితత్వం, అందుకున్న మెట్టు మీద నిలవలేకపోవడం. ఇవాళ మొదలైన పని రేపు మళ్లీ గడప దగ్గరే ఆగవచ్చు. దీనికి పూజావిధిలో ఉద్వాసన ఉంది. ఆవాహన చేసిన దేవతను పూజ ముగిశాక సాగనంపుతారు, మళ్లీ రమ్మని చెప్పి మరీ సాగనంపుతారు. ముగింపులోనే తరువాతి రాకకు చోటు పెట్టడం అది. గానుగ దగ్గరా ఈ పద్ధతి ఉంది. పాకం దించి, దిమ్మలు కట్టి, పెనం కడిగాక కూడా పని అయిపోయినట్టు కాదు. రసం పిండిన పిప్పిని కళ్లంలో పలచగా పరిచి ఎండకు వదులుతారు. రాబోయే వంటకు పొయ్యిలో పడేది ఆ పిప్పే.